తిరగేసి గీసిన దారి

అక్క చేతికి కట్టు ఉన్నన్నాళ్ళూ మా వాళ్ళందరూ నన్ను తెగ పొగిడారు. వాళ్ళు పొగుడుతుంటే నాకు ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టుండేది. "తోడికోడళ్ళంటే ఇలా ఉండాలి" అని మా అత్తగారు విజయవాడ నుంచి ఫోన్లో మురిసిపోయేవారు. "సొంత చెల్లెలైనా ఇంత చెయ్యదు" అని మా బావగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. అక్క అంటే ఆయన భార్య, మా ఆయనకి వదిన. ఆవిడ కుడిచెయ్యి మణికట్టు విరిగింది. మేముండేది సింగపూర్‌లో. నేను రోజూ పాయా లేబర్‌లో ఆఫీసు అవ్వగానే, టాంపినీస్‌లో మా ఇంటికి పోకుండా, రైలు మారి పుంగ్గోల్‌లో వాళ్ళింటికి పోయేదాన్ని. కూర తరిగి, పప్పు పడేసి, ఆవిడ తలకి నూనె రాసి జడ వేసేదాన్ని. జడ వేస్తున్నంతసేపూ ఆవిడ వీపు నావైపు ఉండేది కాబట్టి బతికిపోయేదాన్ని. మొహంలోకి చూడమంటే నావల్ల అయ్యేది కాదు.

ఆ చెయ్యి విరగడానికి కారణం నేను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని వంకాయలు తరుగుతూ కూర్చున్నాను.

అసలు సైకిలు పిచ్చి నాది. అక్కకి అంటించింది నేనే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మాయి ఆర్నెల్ల పిల్ల. పొద్దున్నే దాన్ని అక్క చంకలో పడేసి పరిగెత్తేదాన్ని. బడికి వెళ్ళేదాకా దాన్ని పెంచింది ఆవిడే. తరవాత తన కొడుకు చదువు, బావగారి బీపీ, ఇండియా నుంచి వచ్చేపోయే చుట్టాలు. ఇన్నేళ్ళూ ఆవిడ రోజు ఎవరో ఒకళ్ళ టైముటేబుల్లోనే గడిచింది. కొడుకు పై చదువుకి వెళ్ళాక ఇల్లు బోసిపోయి, ఊరికే సోఫా కవర్లు మార్చుకుంటూ కూర్చుంటే, చూడలేక నేనే ఒక సైకిలు కొనిపించాను.

"నాకు రాకపోవడమేంటే, గుంటూరులో బడికి సైకిలు మీదే వెళ్ళేదాన్ని. పెద్దదాన్నయ్యానని మా నాన్న తీయించేశాడు" అంది ఆవిడ. చెప్పినట్టే పుంగ్గోల్ నీళ్ళ పక్క బాట మీద మొదటిరోజే చక్కగా తొక్కేసింది. అప్పట్నుంచి వారానికి మూడు రోజులు పొద్దున్నే ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. ఒకరోజు చాంగీ బీచి దగ్గర, ఇక్కడివాళ్ళు కోపీ అనే కాఫీ తాగుతూ అంది కదా: "ఈ కాసేపూ నన్నెవరూ వదినా అనరు, పెద్దమ్మా అనరు, ఏమోయ్ అనరు. ఎంత హాయిగా ఉందో తెలుసా?" నాకు ఎంత గర్వమేసిందో. నేనేదో ఆవిడకి రాజ్యం ఇచ్చినట్టు.

సింగపూర్ అట్లపెనంలా చదునుగా ఉంటుంది. ఇక్కడ సైకిళ్ళవాళ్ళకి కొండ అంటే మౌంట్ ఫేబర్. చెమట పట్టి గాడిలో పడేలోపే పైకి వచ్చేస్తాం. అందుకని అందరూ దాన్నే ఎక్కి, గిర్రున దిగి, మళ్ళీ ఎక్కి, ఇస్త్రీ చేస్తూ ఉంటారు. మేమూ చేశాం. నేను ఉరికి ఉరికి ఆయాసపడి ఆగిపోతే, అక్క నింపాదిగా పక్కనుంచి పోయేది. "ఏమ్మా, పులి ఆగిందేం?" అనేది. ఎక్కడంలో ఆవిడ దిట్ట. అది చూసే నాకు ఇంగ్లండ్ ఆలోచన వచ్చింది. మా ఆఫీసులో ఒకతను యార్క్‌షైర్ కొండల్లో తిరిగిన ఫొటోలు చూపించాడు. సన్నటి దార్లు, రాతి గోడలు, ఎటు చూసినా పచ్చగా దిగిపోతున్న లోయలు. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

రూటు గీయడమంటే నాకు పండగ. మధ్యాహ్నం లంచికి, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి కూడా పోకుండా డెస్కు దగ్గరే బ్రెడ్డు కొరుకుతూ, కంప్యూటర్లో ఇంగ్లండు మ్యాపు తెరిచి, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ వంతెన మీదుగా, ఎక్కడ టీ దొరుకుతుంది అని గీసుకునేదాన్ని. మా అమ్మాయి వచ్చి చూసి "అమ్మా, యూ హావెంట్ ఈవెన్ గాన్ దేర్ లా" అని ఇక్కడి యాసలో అని నవ్వేది. మొదటిరోజు నది పక్కన. రెండోరోజు ఒక కొండ దాటి పక్క లోయలోకి. మూడోరోజు పెద్దది, చెరువు పక్కనుంచి ఎక్కి, పైన గడ్డిమైదానం దాటి, అవతలి వైపు దిగి చుట్టి వచ్చేయడం.

ఆ మూడోరోజు దారి దగ్గరే నా తెలివి వెర్రితలలు వేసింది. ఇంగ్లండు మ్యాపుల్లో రోడ్డు బాగా ఏటవాలుగా ఉన్నచోట బాణం గుర్తు వేస్తారు. మరీ నిలువుగా ఉంటే పక్కపక్కనే రెండు బాణాలు. నేను చూసిన దారుల్లో అక్కడి సైకిళ్ళవాళ్ళందరూ రెండు బాణాలున్న వైపు ఎక్కి, చెరువు వైపు మెల్లగా దిగుతున్నారు. ఇదేం పిచ్చి, హాయిగా మెల్లటి వైపు ఎక్కి నిలువు వైపు దిగితే పోయేదానికి, అనుకున్నాను. దిగడానికి కష్టమేముంది, సైకిలే పోతుంది కదా! అక్క మోకాళ్ళకి మంచిదని చెప్పి దారి మొత్తం తిరగేసి గీశాను. ఫేబర్ కొండ దిగినంత మాత్రాన దిగడం వచ్చేసిందనుకునే వెర్రి మా సింగపూర్ వాళ్ళకే ఉంటుంది. ఎక్కడం నేర్చుకున్నాం గానీ, బ్రేకు పట్టుకుని పావుగంట సేపు కిందకి దిగడం అంటే ఏమిటో ఇద్దరిలో ఒక్కరికీ తెలీదు.

వెళ్ళాం. మేము దిగింది ఒక చిన్న ఊళ్ళో, గదీ పొద్దుటి టిఫినూ ఇచ్చే ఇంట్లో. ఆ ఇంటావిడకి అరవై పైనే. సన్నగా, గట్టిగా ఉంది. సైకిళ్ళు ఊళ్ళోనే అద్దెకి దొరికాయి.

మొదటి రెండు రోజులూ ఎంత బాగా గడిచాయో. దారంటే బండి బాటంత వెడల్పు. అటూ ఇటూ సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. గోడల వెనక గొర్రెలు, కొన్నిచోట్ల రోడ్డు మీదే గొర్రెలు. "ఏవమ్మా, కాస్త దారివ్వండమ్మా, పెళ్ళికి పోవాలి" అని అక్క వాటితో తెలుగులో మాట్లాడేది. అవి కదిలేవి కావు. ఒక మలుపు ఎక్కితే కిందనున్న లోయ మొత్తం, చర్చి గోపురంతో సహా, ఒక్కసారి కనపడేది. ఇంకో మలుపు తిరిగితే ఎదురుగాలి మొహం మీద కొట్టేది. మధ్యాహ్నం ఒక రాతి వంతెన మీద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న చింతపండు పులిహోర తిన్నాం. చలికి నూనె గడ్డకట్టింది. అయినా అంత రుచి ఎప్పుడూ లేదనిపించింది. అక్క బుగ్గలు ఎర్రగా అయిపోయి, పదిహేనేళ్ళ పిల్లలా ఉంది.

రెండోరోజు సాయంత్రం చిన్న దిగుడొకటి దిగాక ఆవిడ ఆగి చేతులు విదిలించుకుంది. "వేళ్ళు తిమ్మిరెక్కాయే. బ్రేకు గట్టిగా పట్టేస్తున్నానేమో" అంది. నేను విన్నాను. "అలవాటైపోతుందిలే అక్కా" అన్నాను. నా మొహం, నాకేదో అలవాటున్నట్టు.

మూడోరోజు పొద్దున టిఫిను టేబుల్ దగ్గర ఆ ఇంటావిడ ఇవాళ ఎటు పోతున్నారని అడిగింది. నేను గొప్పగా ఫోను తీసి నా రూటు చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వేలితో గీత వెంట పోయింది. తల అడ్డంగా ఊపింది. మీరు తిరగేసి పోతున్నారమ్మా, మేమెవరమూ ఇటు దిగం, అంది. ఈ వైపు బాగా నిటారు, నిన్న వాన కూడా పడింది, నేనైతే దిగి సైకిలు నడిపించుకుంటాను, చెరువు వైపు దిగండి, అంది. టీచరు పిల్లకి లెక్క దిద్దినట్టు మెల్లగా, మర్యాదగానే చెప్పింది.

అంత మర్యాదగా చెప్పినందుకే నాకు చుర్రుమంది. నెలల తరబడి గీసిన దారి. అక్క ముందు, మా ఇంట్లో అందరి ముందు నేను రూటు మాస్టర్ని. ఈవిడెవరో వచ్చి తప్పని కొట్టేస్తే! ఆవిడ యాస చిక్కగా ఉంది, మాటలు మింగేస్తోంది. అక్క రొట్టెకి వెన్న రాసుకుంటూ తలెత్తి, "ఏమంటోందే ఆవిడ?" అని అడిగింది.

"వాన పడొచ్చు, కోట్లు వేసుకెళ్ళండి అంటోంది అక్కా" అన్నాను.

ఆ నోరు పడిపోను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట. అక్క "ఓహో" అని వెన్న రాసుకుంది. ఇంటావిడకి నేను థాంక్స్ చెప్పి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఎక్కుడు నిజంగానే తేలికైంది. పైన గాలి తప్ప మనిషి లేడు. అక్క కబుర్లు చెబుతూనే ఉంది. అప్పుడు మా ముందున్న రోడ్డు ఒక్కసారిగా నిలువునా కిందకి వాలిపోయింది. నేను పైనుంచి చూశాను. ఇంటావిడ చెప్పింది నిజమే. ఆ క్షణంలో "దిగి నడుద్దాం అక్కా" అంటే సరిపోయేది. ఆ ఒక్కమాట అంటే పొద్దున అబద్ధం బయటపడుతుందని అనలేదు. "నేను ముందు పోతా, మెల్లగా రా" అన్నాను. సగం దూరం వెళ్ళేసరికే నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. కింద వంతెన దగ్గర ఎలా ఆగానో దేవుడికి తెలుసు.

ఆగి వెనక్కి చూశాను. అక్క రాలేదు. చూశాను, చూశాను. గొర్రె అరుపు తప్ప ఏమీ లేదు. సైకిలు అక్కడే పడేసి పైకి పరిగెత్తాను. బూట్లు జారుతున్నాయి, ఊపిరి ఆడటం లేదు, "అక్కా, అక్కా" అని అరుస్తున్నాను. రెండో మలుపు దగ్గర, తడి గులకరాళ్ళ మీద సైకిలు పడి ఉంది. ఆవిడ రాతి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, హెల్మెట్ పక్కకి ఒరిగిపోయి, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"చెయ్యి విరిగినట్టుందే" అంది. వెంటనే "నువ్వు బాగానే దిగావు కదా? నీకేం కాలేదు కదా?" అంది. ఆ మాటకి నేను ఏడ్చేశాను. దెబ్బ తగిలినావిడ నన్ను ఊరడించింది.

కంచెలు బాగుచేసుకుంటున్న ఒకాయన తన వ్యానులో టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కట్టు కట్టాక అక్క బావగారికి ఫోను చెయ్యమంది. నేను స్పీకరు పెట్టి పట్టుకున్నాను. ఆయన కంగారులో అరిచేశారు. "నాదే తప్పండీ. బ్రేకు ఒక్కసారి పట్టేశాను, నాకు చేతకాలేదు. చెల్లి ఎన్నోసార్లు మెల్లగా రమ్మని చెప్పింది" అంది అక్క. నేను ఫోను ఆవిడ నోటి దగ్గరకి ఇంకాస్త జరిపాను.

చాంగీలో విమానం దిగేసరికి బావగారు నిలబడి ఉన్నారు. అక్కని కాదు, ముందు నన్ను చూసి చేతులు జోడించారు. "నువ్వు పక్కన లేకపోతే ఏమైపోయేదో అమ్మా" అన్నారు. చెబుదామని దారి పొడవునా కూడగట్టుకున్న నాలుగు ముక్కలూ ఆ నమస్కారంతో గొంతులోకి జారిపోయాయి. రూటు తప్పు గీశానంటే పొరపాటు అంటారు. ఆ టేబుల్ దగ్గర చెప్పినదాన్ని ఏమంటారు? మా ఆయనకి కూడా చెప్పలేదు. నా మొహం చూసి మా అమ్మాయి "ఇట్స్ నాట్ యువర్ ఫాల్ట్ లా అమ్మా" అని నన్ను కావిలించుకుంటే పుండు మీద కారం చల్లినట్టయింది.

అక్కడితో అయిపోతే నేనూ నెమ్మదిగా మర్చిపోయేదాన్నేమో. మనిషి అంత చెడ్డది. కానీ బావగారు వదల్లేదు. ఆయన చెడ్డవారు కారు, భయపడ్డారు. అక్కకి అన్నం కలిపి పెట్టేవారు, మాత్రలు తెచ్చేవారు, పెడుతూనే సణిగేవారు. "యాభై దాటాక కొండలేంటి? ఆ పిల్ల అంత జాగ్రత్తగా ప్లాను చేస్తే, నీకు దూకుడు. నీ ఒంటికి ఏది తగునో నీకు తెలియక్కర్లా?" అక్క పళ్ళెం వైపు చూస్తూ నమిలేది. ఎదురు చెప్పేది కాదు. నేను పక్కనే మజ్జిగ కలుపుతూ ఉండేదాన్ని.

కట్టు విప్పే వారం ఆయన తేల్చేశారు. ఇంక సైకిలు వద్దు. వాళ్ళ ఆఫీసులో ఎవరికో ఇచ్చేస్తానని మాట ఇచ్చారట, ఆదివారం వచ్చి పట్టుకుపోతారట. అక్క "సరే" అంది. ఆవిడకంటూ ఉన్నది ఆ పొద్దుటిపూట కాస్త గాలి. అది నా మూలాన పోతోంది. నోరు తెరిస్తే ఆగుతుంది, తెరవకపోతే పోతుంది. ఇంత చిన్న లెక్క.

తెరవలేదు. ఆదివారం దాకా తెరవలేదు.

ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో గోంగూర వలుస్తున్నాను. హాల్లో బావగారు సైకిలు గోడకి ఆనించి, పాత బనీనుతో గొలుసు తుడుస్తున్నారు. ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలని ఆయన పట్టింపు. అక్క వచ్చి స్టూలు మీద కూర్చుంది. కట్టు విప్పిన చెయ్యి సన్నగా, పాలిపోయి ఉంది. ఎడంచేత్తో ఒక్కొక్క ఆకూ తుంపసాగింది.

"ఆవిడ చెప్పింది నాకూ అర్థమైందే" అంది.

నేను ఇంకో కాడ అందుకున్నాను.

"ఏ ఆవిడ అక్కా?" అన్నాను, సిగ్గులేకుండా.

"టిఫిను పెట్టిన ఆవిడ. ఇటు దిగొద్దు, నడిపించుకోండి అంది. ఇరవయ్యేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, ఆమాత్రం ఇంగ్లీషు రాదా నాకు? నువ్వేం చెప్తావో చూద్దామని అడిగాను."

"మరి ఎందుకు వచ్చావు అక్కా?" అన్నాను.

"కాదంటే ఆవిడ ముందు నీకు చిన్నతనం అవుతుందని. అంత ముచ్చటపడి గీసుకున్నావు కదా, మెల్లగా దిగుదాంలే అనుకున్నాను. నా ఖర్మ, దిగలేకపోయాను. దానికి నేను నిన్నేమీ అనను." ఆకు తుంపడం ఆపింది. మొదటిసారి ఆవిడ మొహం నావైపు తిరిగింది. నేను తప్పించుకోలేకపోయాను. "నీకు చిన్నతనం కాకూడదని నేను అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ రోజూ ఆయన నన్ను అంటుంటే పక్కనే ఉండి నువ్వెందుకు మూసుకున్నావే?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. గోంగూర పళ్ళెం కింద పెట్టాను. చెయ్యి చీరకి తుడుచుకుని హాల్లోకి వెళ్ళాను.

"బావగారూ, అది ఎవరికీ ఇవ్వకండి" అన్నాను. ఆయన తలెత్తారు. ఇంక ఆగితే మళ్ళీ ఆగిపోతానని గడగడా చెప్పేశాను. దారి తిరగేసి గీశానని. ఇటు దిగితే ప్రమాదమని ఆ ఇంటావిడ చెప్పిందని. వాన పడుతుందని అక్కకి అబద్ధం చెప్పానని. అక్కకి చేతకాక పడలేదని, నేనే పడేశానని.

తిడతారనుకున్నాను. ఇంటికి రావద్దంటారనుకున్నాను. ఆయన నావైపు చూడనే లేదు. చేతిలో జిడ్డు బనీను అలాగే పట్టుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్క చేతివైపు చూస్తూ ఉండిపోయారు.

"ఇన్నాళ్ళూ పళ్ళెం ముందు కూర్చోబెట్టి దీన్ని నానా మాటలూ అన్నాను కదమ్మా" అన్నారు.